తెడ్డు నేర్పేవాళ్లు చూడాల్సింది పడవను, మనిషి ‘రకాన్ని’ కాదు

సంపాదకులకు,

కయాక్, కెనూ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలు) శిక్షణ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాం. చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, చదివి నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు అని మొదటి రోజే ఒక ప్రశ్నపత్రంతో జనాన్ని విడదీసి, ఏ జట్టుకు ఆ పద్ధతిలోనే పాఠం చెప్పాలని అందులో సలహా ఇచ్చారు. ఒకే వివరణ అందరికీ ఎక్కదన్న మాట నిజం. అందుకు చెప్పిన మందు మాత్రం సరికాదు.

ఈ నాలుగు గదుల విభజన 1992లో నీల్ ఫ్లెమింగ్, కొలీన్ మిల్స్ ప్రతిపాదించిన ‘వార్క్’ నమూనాది. ఇలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. 2004లో బ్రిటన్‌లో ఫ్రాంక్ కాఫీల్డ్ బృందం లెక్కపెడితే 71 తేలాయి. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను తిరగేశారు. ఫలానా రకం విద్యార్థికి ఫలానా పద్ధతిలో చెబితే ఎక్కువ వస్తుందనడానికి చాలినంత ఆధారం లేదని తేల్చారు. మనుషులకు ఇష్టాలు ఉంటాయి, దాన్ని ఎవరూ కాదనరు. బొమ్మ గీసి చూపిస్తే బాగుండనేవాళ్లు ఉంటారు, వివరణ ఎందుకు, తెడ్డు ఇచ్చెయ్యండనేవాళ్లూ ఉంటారు. అయితే ఇష్టమైన దారిలో చెబితేనే బాగా వస్తుందన్నది వేరే సంగతి. అది రుజువు కాలేదు.

నీళ్ల మీద ఈ తేడా త్వరగా బయటపడుతుంది. తెడ్డు వేయడంలో కొంత భాగం నీళ్ల కింద జరుగుతుంది కాబట్టి కంటికి ఆనదు. కొంత మాటల్లో పెడితే చెడుతుంది. ఇంకొంత, ఒళ్లు సరిగానే చేస్తోందని మనకు అనిపిస్తుంది, చేయదు. అందుకే చెప్పే తీరు ముందు ఆ కదలికను బట్టి, ఆ క్షణాన పడవ పడుతున్న పాట్లను బట్టి మారాలి. మనిషి ఇష్టం ఆ తర్వాత.

స్వీప్ స్ట్రోక్‌నే తీసుకుందాం, ఆగి ఉన్న పడవను తిప్పేది. కుడివైపు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. తెడ్డు రెక్క పాదాల పక్కన నీళ్లలో దిగాలి. రెక్క మునిగితే చాలు, అంతకన్నా లోతు అక్కర్లేదు. తెడ్డు కర్ర దాదాపు పడుకున్నట్టు ఉండాలి, రెండో చేయి బొడ్డు ఎత్తు దాటి పైకి పోకూడదు. అక్కడి నుంచి రెక్క పడవకు వీలైనంత దూరంగా అర్ధచంద్రాకారంలో తిరిగి వెనక కొస దాకా వచ్చి, పడవకు జానెడు దూరంలో పైకి లేవాలి. ఇంకా లోపలికి వస్తే రెక్క పడవ అడుగున చిక్కుతుంది, తెడ్డు వదలనివాళ్లు దాంతోపాటే ఒరుగుతారు. ఈ అర్ధచంద్రంలో తిప్పే పని ఎక్కువగా చేసేవి రెండు చివరలే. మొదటి మూడో వంతు ముక్కును అవతలికి నెడుతుంది, చివరి మూడో వంతు వెనక కొసను రెక్క వైపు లాగుతుంది. మధ్య భాగం పడవను ముందుకు తోయడమే ఎక్కువ.

కొత్తవాళ్లలో కొందరు కర్రను నిటారుగా పట్టుకుంటారు. రెక్క పడవను రాసుకుంటూ పోతుంది, పడవ తిరగకుండా ముందుకు సాగిపోతుంది. కొందరు తుంటి దగ్గరికి రాగానే రెక్కను పైకెత్తేస్తారు, వెనక కొసను లాగే భాగం మొత్తం పోతుంది. మరికొందరు చూపు ముందుకే నిలిపి ఉత్త చేతులతో లాగుతారు, నడుము కదలదు. మూడు తప్పులకూ బయటికి కనిపించేది ఒకటే, పడవ సరిగా తిరగకపోవడం. ఏ తప్పో పోల్చుకోకుండా ‘ఇతను చూసి నేర్చే రకం’ అని ఇంకో నాలుగుసార్లు చేసి చూపిస్తే ఒరిగేదేమీ ఉండదు.

మొదటి తప్పుకు చూపు పనికొస్తుంది, అదీ పైనుంచి చూస్తేనే. పక్క పడవలో కూర్చున్నవాళ్లకు అర్ధచంద్రం కనపడదు. రేవు మెట్ల మీదో జెట్టీ మీదో నిలబెట్టి, కింద ఇంకొకరు వేస్తుండగా చూపించాలి. రెక్కకు ముదురు రంగు టేపు చుడితే ఇంకా నయం. రెండో తప్పుకు చూపు కన్నా నోరు మేలు. ‘నెట్టు, సాగు, లాగు’ అని విద్యార్థే పైకి అంటూ తెడ్డు వేయాలి. ‘లాగు’ అనకముందే రెక్క పైకి లేస్తే ఎవరూ చెప్పకుండానే వాళ్లకు తెలిసిపోతుంది. మూడోదానికి ‘రెక్క వెంట చూపు పోనివ్వండి’ అంటే సరిపోతుంది. రెక్క వెనక్కి వెళ్లేకొద్దీ తల తిరుగుతుంది, తల వెంట భుజాలు, భుజాల వెంట నడుము. ‘నడుము తిప్పండి’ అని పదిసార్లు అరిచినా రానిది దీంతో వస్తుంది.

అప్పటికీ పట్టుబడకపోతే శిక్షకుడు నీళ్లలో దిగాలి. నడుము లోతులో పడవ పక్కన నిలబడి, విద్యార్థికి ముందే చెప్పి, రెక్కను రెండు చేతులా కదలకుండా పట్టుకోవాలి. విద్యార్థి స్వీప్ వేయబోతే రెక్క కదలదు, తన కింద పడవే తిరుగుతుంది. పాతేసిన గుంజను పట్టుకుని పక్కకు జరిగినట్టు, రెక్క నీళ్లలో నిలిచి ఉంటే పడవే దాన్ని దాటుకుని పోవాలన్నది తెడ్డు విద్య మొత్తానికీ పునాది. చూసి నేర్చే రకమని రాసిచ్చినవాళ్లకు కూడా ఇది తుంటితో తెలియాల్సిందే.

ఇక ‘ఎందుకు’ అని అడగందే ముందుకు కదలనివాళ్లు ప్రతి జట్టులో ఒకరిద్దరు ఉంటారు. వాళ్లను విసుక్కోకూడదు. ఆగిన పడవ దాదాపు తన నడిమి చుట్టూ తిరుగుతుంది, ఆ నడిమికి ఎంత దూరాన బలం పెడితే అంత బాగా తిరుగుతుందని ఒక గీత గీసి చూపిస్తే వాళ్లే మిగతాది ఊహించుకుంటారు. దీనికే ఇంకో మెలిక ఉంది. పడవ ముందుకు పోతున్నప్పుడు ముక్కును నీటి ఒత్తిడి బిగించి పట్టుకుంటుంది, వెనక కొస వదులుగా ఉంటుంది. కాబట్టి వేగంలో ఉన్న పడవను సరిదిద్దడానికి స్వీప్‌లో చివరి భాగమే ఎక్కువ పనిచేస్తుంది. కారణం తెలిసినవాళ్లు ముక్కు దగ్గర బలమంతా ఖర్చు చేసుకోరు. ఇంత వివరణా వాళ్లు ఓ పది నిమిషాలు నీళ్లలో తిప్పలు పడ్డాక ఇస్తే తలకెక్కుతుంది. ఒడ్డున ముందే చెబితే సిద్ధాంతంగా మిగిలిపోతుంది. డేవిడ్ కోల్బ్ 1984లో చెప్పిన అనుభవ చక్రం, అంటే చేయడం, వెనక్కి తిరిగి చూసుకోవడం, సూత్రం పట్టడం, మళ్లీ ప్రయత్నించడం అన్నది ఇక్కడ పనికొస్తుంది. ఆ నాలుగూ ఒక మనిషే వరసగా తిరగాల్సిన మెట్లుగా తీసుకుంటేనే సుమా, నాలుగు జట్లకు నాలుగు పంచితే కాదు.

చూపించడంలోనే కొన్ని పొరపాట్లు ఉన్నాయి, వాటిని విద్యార్థి ‘రకం’ మీదికి నెట్టేస్తుంటారు. శిక్షకుడు ఎదురుగా కూర్చుని కుడివైపు తెడ్డు వేస్తే చూసేవాళ్లకు అది ఎడమ. సగంమంది అద్దంలో చూసినట్టు తిప్పి వేస్తారు. కదలిక దిశ ముఖ్యమైనప్పుడు శిక్షకుడు వాళ్లకు వీపు చూపిస్తూ, అందరి పడవలూ ఒకే దిక్కుకు ఉండేలా నిలబడాలి. పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూపించాలి. చూపించేటప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడితే జనం మొహం చూస్తారు, రెక్కను చూడరు. ఎండ శిక్షకుడి కళ్లలో పడాలి, విద్యార్థుల కళ్లలో కాదు. గాలి శిక్షకుడి వైపు నుంచి వాళ్ల మీదికి వీస్తే గొంతు అందుతుంది. గాలి ఉన్న రోజు వివరణ మొదలయ్యేసరికి ఒకచోట ఉన్న పడవలు, ముగిసేసరికి చెల్లాచెదురవుతాయి. పక్కపక్కనే చేర్చి ఒకరి పడవ అంచు ఒకరు పట్టుకుంటే ఆ గొడవ ఉండదు. చెప్పేది రెండు నిమిషాలు దాటుతుందంటే అది ఒడ్డున చెప్పాల్సిందే.

ముందుకు వేసే మామూలు తెడ్డును చూపుతో కన్నా చెవితో దిద్దడం తేలిక, ఎందుకో ఈ సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. రెక్క పాదాల దగ్గర దిగి తుంటి దగ్గర లేవాలి. దిగేటప్పుడు ‘ఛప్’మని చప్పుడైతే, రెక్క పూర్తిగా మునగకముందే లాగుతున్నారని అర్థం, గాలి కూడా రెక్కతోపాటు కిందికి పోతుంది, పట్టు జారుతుంది. లేచేటప్పుడు నీళ్లు బకెట్‌తో ఎత్తిపోసినంత శబ్దం వస్తే, తుంటి దాటి వెనక్కి లాగారని అర్థం. అక్కడ రెక్క నీటిని పైకి ఎత్తుతుంది, పడవ వెనక భాగాన్ని కిందికి గుంజుతుంది, దాంతోపాటు పక్కకు తిప్పుతుంది. ‘ఇరవై తెడ్లు చప్పుడు లేకుండా వేయండి’ అంటే, చూసి నేర్చేవాళ్లమని చెప్పుకున్నవాళ్లు కూడా రెండు తప్పులూ వాళ్లంతట వాళ్లే తగ్గించుకుంటారు. కళ్లు మూసుకుని వేయిస్తే ఇంకా బాగా వినపడుతుంది. అది నిలకడ నీళ్లలోనే, పక్కన ఒకరు కాపలా ఉన్నప్పుడే.

మాట ఎలా పెట్టాలన్నది కూడా ఇక్కడే తేలుతుంది. 1998లో గాబ్రియెల్ వుల్ఫ్ బృందం స్కీ అభ్యాస యంత్రం మీద ఒక ప్రయోగం చేసింది. తమ పాదాల బలం మీద దృష్టి పెట్టమన్నవాళ్ల కన్నా, పాదాల కింది చక్రాల మీద బలం పెట్టడంపై దృష్టి నిలపమన్నవాళ్లు బాగా నేర్చుకున్నారు. తర్వాత ఎన్నో ఆటల్లో ఇలాంటి ఫలితాలే వచ్చాయి. కయాక్‌లో దీన్ని ఇలా వాడుకోవచ్చు: ‘మోచేయి చాచండి, భుజం తిప్పండి, పొట్ట బిగించండి’ అనే బదులు ‘కుడి తెడ్డుకు కుడి ఫుట్‌రెస్ట్‌ను తొక్కండి’, ‘రెక్క దగ్గరికి పడవను తీసుకెళ్లండి’, ‘ఆ దూరపు చెట్టు ముక్కు మీదే ఉండేలా చూడండి’. నడుము అదే తిరుగుతుంది. చేతులు బిగపట్టేవాళ్లకు కూడా ‘వదులుగా పట్టుకోండి’ అనడం దండగ. లాగని వైపు చేతి వేళ్లు కర్ర మీద తెరిచి మూయమనండి. బిగపట్టు అలాగే వదిలేస్తే రెండు గంటల్లో ముంజేయి పట్టేస్తుంది, మణికట్టు స్నాయువులు వాస్తాయి.

పడవ తిరగబడినప్పుడు బయటపడటం మాత్రం ఈ చర్చకు అతీతం. ఇక్కడ ఎవరి ఇష్టాలూ చెల్లవు. స్ప్రే స్కర్ట్ (నీళ్లు లోపలికి రాకుండా నడుముకు తొడుక్కుని, కూర్చునే గుంట అయిన కాక్‌పిట్ అంచుకు బిగించే గుడ్డ) వేసుకున్న ప్రతి ఒక్కరూ నాలుగు దారుల్లోనూ నేర్చుకుని తీరాలి. ఒడ్డు మీద ఖాళీ పడవలో కూర్చోబెట్టి, కళ్లు మూయించి, వరస నోటితో చెప్పిస్తూ చేతులతో చేయించాలి: ముందుకు వంగాలి, పడవ అడుగు మీద మూడుసార్లు చరచాలి, కాక్‌పిట్ అంచు వెంట చేతులు జరిపి స్కర్ట్‌ను ఊడదీసేందుకు ముందున్న పట్టీ అందుకోవాలి, దాన్ని ముందుకు తోసి పైకి లాగాలి, తుంటి పక్కన రెండు చేతులూ ఆనించి పడవను నెట్టి జారిపోవాలి. ఆ మూడు చరుపులు రక్షించేవాళ్లకు సంకేతం, అంతకన్నా ముఖ్యంగా గాభరా తగ్గడానికి ఒక క్షణం వ్యవధి. పట్టీని ముందుకు తోయకుండా నేరుగా పొట్ట వైపు లాగితే స్కర్ట్ అంచు నుంచి ఊడదు. భయంతో వెనక్కి వాలితే తొడలు అంచుకు ఒరుసుకుని ఇరుక్కుంటాయి. పట్టీ స్కర్ట్ లోపల ఉండిపోతే చేతికే దొరకదు. అందుకే ఒడ్డు వదిలేముందు పట్టీ బయట ఉందో లేదో పక్కవాళ్లు చూడాలి.

నీళ్లలో మొదటిసారి స్కర్ట్ లేకుండా, ఛాతీ లోతులో, అడుగున రాళ్లు లేనిచోట, శిక్షకుడు పక్కన నిలబడి ఉండగా చేయించాలి. రెండోసారి స్కర్ట్‌తో. ముక్కులోకి నీళ్లు పోతే చేసిన సాధనంతా మరిచిపోయేవాళ్లు ఉంటారు, వాళ్లకు ముక్కు క్లిప్పు ఇస్తే సగం భయం తీరుతుంది. ఇంకా భయపడేవాళ్లను తిరగబడమని బతిమాలకూడదు. ముందు నీళ్లలో మొహం పెట్టి పదిదాకా లెక్కించడం, తర్వాత ఒక చేయి జెట్టీ పట్టుకుని సగం ఒరగడం, ఇలా జరపాలి. ఆ రోజుకు కాకపోతే స్కర్ట్ లేని వెడల్పాటి పడవ ఇచ్చి మిగతా పాఠం నడిపించొచ్చు.

‘నేర్చుకోలేని రకం’ అనిపించుకున్నవాళ్లలో చాలామంది అసలు సమస్య పడవ కొలత. ఫుట్‌రెస్ట్ దూరంగా ఉంటే మోకాళ్లు తొడ ఆనికలకు (పడవ లోపల తొడలు ఆనించే భాగాలకు) తగలవు, తుంటి కదిలినా పడవకు తెలియదు. పాదం ముందుభాగం ఆనుతూ మోకాళ్లు కొద్దిగా వంగి ఆనికలకు తగిలేలా సర్దాలి. పొట్టివాళ్లకు వెడల్పు పడవ, చిన్న తెడ్డు ఇస్తే వేళ్ల కణుపులు పడవ అంచుకు కొట్టుకుంటాయి, ఆ దెబ్బలు తప్పించుకోవడానికి వాళ్లు వంకర తెడ్డు అలవాటు చేసుకుంటారు. వెడల్పు పడవలకు 220 నుంచి 240 సెంటీమీటర్ల తెడ్లు, వేగపు నీళ్ల పొట్టి పడవలకు 190 నుంచి 200 సెంటీమీటర్ల తెడ్లు మామూలుగా సరిపోతాయి. చేతుల మధ్య దూరానికి తెడ్డును తల మీద అడ్డంగా పెట్టి, మోచేతులు లంబకోణంలో ఉండేలా పట్టుకోమంటే చాలు. రెండు రెక్కల మధ్య మెలిక ఉన్న తెడ్డు మొదటి రోజు ఇవ్వకపోవడమే మంచిది. ప్రతి తెడ్డుకూ మణికట్టు తిప్పాలంటే కొత్తవాళ్ల బుర్రలో మిగతా దేనికీ చోటుండదు.

కాబట్టి ప్రశ్నపత్రం ఇవ్వాల్సిందే అనుకుంటే అందులో ఉండాల్సినవి ఇవి: ఈత వచ్చా, భుజం ఎప్పుడైనా జారిందా, కళ్లద్దాలు లేకుండా ఎంత దూరం కనిపిస్తుంది, చెవి ఏ వైపు బాగా వినిపిస్తుంది, నీళ్ల కింద తల పెట్టడానికి భయమా. వినికిడి తక్కువున్నవాళ్లకు తెడ్డు సంకేతాలు ముందే అలవాటు చేయాలి. తెడ్డు నిటారుగా ఎత్తితే రమ్మని, తల మీద అడ్డంగా పట్టుకుంటే ఆగమని. ఇవి జట్టు మొత్తానికీ నేర్పాలి, వాళ్లొక్కరికే కాదు. చూపు లేనివాళ్లను ఇద్దరి పడవలో ముందు సీట్లో కూర్చోబెడితే వెనకున్నవాళ్లు లయ చూసుకుని తెడ్డు వేయొచ్చు. ఒడ్డున మాత్రం రెక్క ఆకారం, వంపు, పట్టీ ఉన్న చోటు చేతితో తడిమి చూడనివ్వాలి. భుజం ఒకసారి జారినవాళ్లకు హై బ్రేస్ (ఒరుగుతున్న పడవను ఆపడానికి తెడ్డును ఎత్తి పట్టి రెక్కను నీళ్ల మీద ఆనించడం) జోలికి పోకపోవడమే నయం. అక్కడ మోచేయి భుజం కన్నా పైకి, చేయి వెనక్కి పోయిందంటే మళ్లీ జారుతుంది.

వాళ్లకైనా, మిగతావాళ్లకైనా పడవ ఒరిగినప్పుడు మొదటి ఆసరా లో బ్రేస్. మోచేతులు కర్రకు పైన, వేళ్ల కణుపులు కిందికి, రెక్క వీపు నీళ్ల మీద పరిచినట్టు కొట్టాలి. ఆ దెబ్బ ఇచ్చేది ఒక్క క్షణం ఆసరానే. పడవను నిలబెట్టేది ఒరిగిన వైపు మోకాలు, తల అన్నిటికన్నా ఆఖరున లేవాలి. భయంలో అందరూ ముందు తలే ఎత్తుతారు. తల ఎత్తితే ఒళ్లు అవతలికి ముడుచుకుని, అవతలి మోకాలు పైకి లాగి, పడవ ఇంకా ఒరుగుతుంది. దీన్ని మాటల్లో ఎంత చెప్పినా రాదు. ఎదుటి పడవ ముక్కు మీద రెండు చేతులూ వేసి, చెవిని చేతుల మీద ఆనించి, తుంటితో పడవను అటూ ఇటూ ఊపమనాలి. చెవి చేతి మీది నుంచి లేవకూడదు, అంతే నియమం.

చివరిగా దిద్దే తీరు. ప్రతి తెడ్డుకూ ఒక వ్యాఖ్య చేసే శిక్షకుడి దగ్గర విద్యార్థి ఆ పూట బాగానే వేస్తాడు, మర్నాడు మరిచిపోతాడు. ఎప్పటికప్పుడు దిద్దడం ఆసరాగా మారి నేర్చుకున్నది నిలవకుండా చేస్తుందని సాల్మొని, ష్మిట్, వాల్టర్ 1984లోనే వివరించారు. ఏడెనిమిది ప్రయత్నాలకు ఒకసారి, అదీ ముందు ‘పడవ ఏం చేసింది?’ అని వాళ్లనే అడిగి, ఒక్క తప్పే చెప్పాలి. సాధన విషయంలో షీ, మోర్గాన్ 1979లో చేసిన ప్రయోగం కూడా పనికొస్తుంది. మూడు కదలికలను ఒక్కొక్కటిగా వరసగా చేసినవాళ్ల కన్నా వాటినే కలగలిపి చేసినవాళ్లు మొదట వెనకబడ్డారు, తర్వాత పరీక్షిస్తే వాళ్లకే ఎక్కువ గుర్తుంది. కదలిక రూపం వచ్చేదాకా ఒక్కటే చేయించి, వచ్చాక మూడు బోయాలు (నీళ్ల మీద తేలే గుర్తులు) ముక్కోణంలో కట్టి ముందుకు, వెనక్కి, పక్కకు కలిపి తిరగమంటే సరి. రెండో రోజు మొదటి పది నిమిషాలు శిక్షకుడు ఏమీ చెప్పకుండా ఆ ముక్కోణం చుట్టూ తిరగనిచ్చి చూడాలి. ముందురోజు నేర్పినవాటిలో ఏవి నిలిచాయో అక్కడ కనపడుతుంది, ఆ రోజు పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.

ఇట్లు,
కొందరు కయాక్, కెనూ శిక్షకులు